అటక మీద నాలుగు సీట్లు

రేసు డ్రైవరుకు తన ఉద్యోగం ఊడిన సంగతి యజమాని నోటి వెంట తెలియడం చాలా అరుదు. యజమానులకు అంత ధైర్యం ఉండదు. అది ముందుగా తెలిసేది సీటు మేస్త్రీ గదిలో. పెద్దాయన గురువారం మధ్యాహ్నం నడుం నొప్పి పట్టుకుని ఆ గదికి వెళ్లేసరికి, తనది కాని సీటు ఒకటి బల్ల మీద ఆరుతూ కనిపించింది.

పెద్దాయన అంటే ఏ ఎనభై ఏళ్లవాడో అనుకోకూడదు. అతనికి నలభై ఒకటి. వేరే ఏ ఉద్యోగంలోనైనా అది ప్రమోషన్లు వచ్చే వయసు. రేసుల్లో మాత్రం తోటి డ్రైవర్లు "మా చిన్నప్పుడు మీ పోస్టరు గోడకు అంటించుకున్నాం సార్" అని కడుపు రగిలించే వయసు. జట్టులో అందరూ ఎదురుగా సార్ అనీ, వెనకాల పెద్దాయన అనీ అనేవారు. ఆ సంగతి అతనికి తెలుసు. పందొమ్మిదేళ్లలో మూడు రేసులు గెలిచాడు. అందులో ఒకటి, ముందున్న ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుని పక్కకు పోతే గెలిచింది. దాని గురించి ఎవరైనా అడిగితే ఆ రోజు వాన ఎంత జోరుగా పడిందో వర్ణించి తప్పించుకునేవాడు.

రేసు కారులో సీటు అంటే అంగట్లో కొని బిగించేది కాదు. డ్రైవరును కారు గుంటలో ఒక పెద్ద ప్లాస్టిక్ సంచీ మీద కూర్చోబెడతారు. మేస్త్రీ రెండు ద్రావకాలు కలిపి ఆ సంచీలో పోస్తాడు. అది పిండి పులిసినట్టు పొంగి, వెచ్చగా ఒంటి చుట్టూ ఎక్కి, నడుమూ భుజాలూ పిరుదులూ ఎలా ఉన్నవి అలా గట్టిపడుతుంది. ఆ పావుగంటా డ్రైవరు దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వొచ్చే విషయం తలచుకోకూడదు. ఆ తరవాత ఆ సీటు అతనికి తప్ప లోకంలో ఇంకెవరికీ పనికిరాదు. ఇంకొకరి సీటులో కూర్చోవడమంటే ఇంకొకరి కట్టుడు పళ్లు పెట్టుకోవడమే.

"మేస్త్రీ, ఇదెవరిది?" అన్నాడు పెద్దాయన.

"ఏది బాబూ?"

"ఈ గదిలో ఇంకోటేమైనా ఉందా?"

మేస్త్రీకి అరవై దాటాయి. ముప్ఫై ఏళ్లుగా డ్రైవర్ల వీపులు చూసి చూసి, మొహాల్లోకి చూసే అలవాటు తప్పిపోయింది. బల్ల మీది సీటును అప్పుడే కనిపెట్టినట్టు చూశాడు. "అదా! ద్రావకం మిగిలింది. పారబోయడం ఎందుకులే అని..."

"మిగిలిన ద్రావకం దానంతటదే నడుం ఆకారంలో గట్టిపడిందా?"

"మీరు కాసేపు ఉండండి బాబూ, టీ తాగొచ్చి మీ నొప్పి సంగతి చూస్తా," అని మేస్త్రీ జారుకున్నాడు.

పెద్దాయన సీటును తిరగేశాడు. జట్టుకు రెండు కార్లు. ఒకటి ఇతనిది, రెండోది యజమాని అల్లుడిది. అల్లుడివి కొంగ కాళ్లు. పెద్దాయనవి పొట్టివి, అందుకని అతని కారులో సీటు బోల్టుల రంధ్రాలు రెండు వేళ్లు ముందుకు ఉంటాయి. ఈ కొత్త సీటు రంధ్రాలు కూడా సరిగ్గా రెండు వేళ్లు ముందుకే ఉన్నాయి. పెద్దాయన గుండె జారి ఎక్కడ పడిందో తెలియలేదు.

ఎవడు వాడు? మొహం చూసి మనిషిని గుర్తుపట్టేవాళ్లు మామూలు జనం. రేసులవాడికి వేరే దారి ఉంది. పెద్దాయన తలుపు గడియ పెట్టి, సీటును నేల మీద దింపి, అందులో కూర్చున్నాడు. కూర్చోవడమైతే కూర్చున్నాడు. నడుం దగ్గర ఇరుకు. భుజాల దగ్గర మరీ ఇరుకు. కింద మాత్రం కాస్త విశాలంగానే ఉంది. కుడి భుజం ఎడమదానికంటే ఒక వేలెడు దిగువ. ఇదంతా మనసులో రాసుకుని లేవబోతే సీటు కూడా అతనితో పాటు లేచింది.

అదే సమయానికి మేస్త్రీ తలుపు తట్టాడు. పెద్దాయన వీపు మీద సీటుతో, తాబేలు నిలబడ్డట్టు వెళ్లి గడియ తీశాడు.

"కూర్చున్నారా?" అన్నాడు మేస్త్రీ.

"లేదే. ఊరికే చూస్తున్నా."

"మోసుకుంటూ చూస్తున్నారా బాబూ?"

మేస్త్రీ ఒక కాలు గోడకు తన్నిపెట్టి లాగితేగాని అది ఊడిరాలేదు. మేస్త్రీ పెద్దాయన పాత సీటు ఎడమ పక్కన నొక్కుతున్నచోట ఇంత చెక్కి, గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాడు. కానీ నొప్పి ఇప్పుడు నడుంలో లేదు.

పెద్దాయన ఒప్పందంలో ఒక ముక్క ఉంది. ఏడాది చివర పాయింట్ల పట్టికలో మొదటి పదిమందిలో ఉంటే వచ్చే ఏడాది కూడా సీటు అతనిదే, ఎవరి దయా అక్కర్లేదు. ఆదివారం జరగబోయేది చివరి రేసు. అతనిప్పుడు పదో స్థానంలో ఉన్నాడు. పదకొండోవాడు రెండే రెండు పాయింట్లు వెనక ఉన్నాడు. కాబట్టి సీటు ఇంకా ఊడలేదు. ఊడుతుందని ఎవరో కాచుకుని ఉన్నారు, అంతే. ఆ కాచుకున్నవాడెవడో తెలియకపోతే అన్నం సయించేలా లేదు.

శుక్రవారం పొద్దున ప్రాక్టీసుకు ముందు అతను గ్యారేజీల వరస పొడుగునా ఒక రౌండు కొట్టాడు. ఆ రోజు అతను పలకరించిన కుర్ర డ్రైవర్లంతా, సార్‌కి తమ మీద ఇంత అభిమానం ఎప్పట్నుంచి వచ్చిందా అని ఆశ్చర్యపోయారు. పలకరించి, భుజం మీద చెయ్యేసి, మెల్లగా అవతలికి తిప్పి, వెనక నుంచి కొలత చూసుకునేవాడు. ఒకడికి నడుం సరిపోయింది గానీ భుజాలు ఎద్దు భుజాలు. ఇంకొకడికి కుడి భుజం దిగువే గానీ కింద అసలేమీ లేదు. మూడోవాడు ఉండబట్టలేక, "సార్, నా ప్యాంటుకేమైనా అంటిందా?" అని అడిగేశాడు.

"లేదు నాయనా. బాగా పెరిగావు," అని పెద్దాయన ముందుకు కదిలాడు.

ప్రాక్టీసులో పన్నెండోవాడుగా వచ్చాడు. మూడో మలుపు దగ్గర ఆలస్యమైపోతోందని ఇంజనీరు అంటే, ఎదురుగాలి వీస్తోందని చెప్పాడు. ఇంజనీరు కిటికీలోంచి జెండా వైపు చూశాడు. జెండా గుంజకు అతుక్కుని వేలాడుతోంది. ఇంజనీరు మర్యాదస్తుడు కాబట్టి రాసుకున్నాడు: ఎదురుగాలి.

మధ్యాహ్నం భార్య కొట్టుకు వెళ్లాడు. ఆవిడ దర్జీ. రెండు మిషన్లు, నిలువుటద్దం, తెర కట్టిన ఒక మూల, గోడకు కొలతల పుస్తకాలు. మొగుడు లోపలికి వచ్చేసరికి నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని ఒక కోటు అంచు మడుస్తోంది. అతను జరిగినదంతా చెప్పాడు, సీటు ఊడిరాని భాగం తప్ప.

"కొలతలు చెప్పండి," అంది సూదుల మధ్య నుంచి.

"నడుం సన్నం. నాకంటే నాలుగు వేళ్లు తక్కువ. భుజాలు ఇంతే. కుడి భుజం కాస్త వాలు. కింద మాత్రం నాకే వదులుగా ఉంది."

"మీకే వదులుగా ఉందా?"

"అందులో అంత వింతేముంది?"

ఆవిడ సూదులు తీసి చిన్న దిండుకు గుచ్చింది. అతని వైపు జాలిగా చూసింది. "ఊళ్లో మగాళ్లందరి వెనకాలా తిరిగొచ్చారా పొద్దున్నుంచీ?"

"అందరూ కాదు. ఓ పదకొండు మంది."

"అది ఆడపిల్ల కొలతండీ," అంది ఆవిడ. "ఇరవయ్యేళ్లుగా కుడుతున్నా, నాకు తెలీదూ? కుడి భుజం వాలిందంటే, రోజంతా కుడిచేత్తో ఏదో పట్టుకుని పనిచేసే పిల్ల."

జట్టులో డ్రైవింగు వచ్చిన ఆడపిల్ల ఒకతే ఉంది. వర్క్‌షాపు వెనక గదిలో సిమ్యులేటరు నడిపే అమ్మాయి.

సిమ్యులేటరు అంటే చక్రాలు లేని కారు. తెర మీద ట్రాకు కదులుతూ ఉంటుంది, అమ్మాయి కూర్చుని నడుపుతూ ఉంటుంది. స్ప్రింగులు ఎంత బిగించాలి, కారును నేలకు అదిమే రెక్క ఎంత వాల్చాలి అని పొద్దస్తమానం ప్రయత్నించి, తేలింది చీటీ మీద రాసి ఇంజనీరుకు పంపుతుంది. ఆ చీటీ ప్రకారం కారు సర్దితే పెద్దాయన వెళ్లి నడుపుతాడు. బాగా నడిస్తే కెమెరాల ముందు "కారును నేను అర్థం చేసుకున్నాను" అంటాడు. అయిదేళ్లుగా అంటున్నాడు. ఆ పిల్ల భుజం ఎటు వాలిందో ఒక్కనాడూ చూడలేదు.

తిన్నగా మేస్త్రీ గదికి వెళ్లాడు. "మేస్త్రీ, ఆ సీటు సిమ్యులేటరు అమ్మాయిదే కదూ?"

మేస్త్రీ ఈసారి ద్రావకం కథ చెప్పలేదు. నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. "మీరే ఎక్కి చూడండి బాబూ. నాకు మోకాళ్లు నొప్పి."

అటక మీద బట్ట కప్పిన సీట్లు నాలుగు ఉన్నాయి. ఒక్కోదాని వెనకా మేస్త్రీ చేతిరాతతో ఒక్కో ఏడాది. నాలుగింటికీ రంధ్రాలు రెండు వేళ్లు ముందుకే. నాలుగింటికీ కుడి భుజం వాలే. మొదటిదానికి కొద్దిగా, ఏటేటా కాస్త ఎక్కువగా.

"ఏటా చివరి రేసు ముందు అయ్యగారు కబురు పెడతారు," అన్నాడు మేస్త్రీ కింద నుంచి. "ఆయన పదిమందిలోంచి జారితే సీటు నీదే తల్లీ, కొలత ఇచ్చి ఉంచు అంటారు. ఆ పిల్ల వచ్చి పావుగంట ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. మీరేమో ఏటా పదిమందిలోనే ఉంటారు. నేను దీన్ని అటకెక్కిస్తాను."

పెద్దాయన నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. నిరుడు అతను పదోవాడు. అంతకుముందు తొమ్మిదోవాడు. అంతకుముందు ఏడాది చివరి రేసులో కారు ససేమిరా అంటే, శుక్రవారం సాయంత్రం వెనక గదిలోంచి ఒక చీటీ వచ్చింది. వెనక స్ప్రింగులు మెత్తగా చెయ్యమని. ఆ చీటీతోనే అతను అయిదోవాడుగా వచ్చి సీటు నిలబెట్టుకున్నాడు. అంటే ఆ పిల్ల తన సీటు అటకెక్కడానికి కావలసిన నిచ్చెన తనే ఏటా వేసుకుంటోంది. పెద్దాయనకు సిగ్గేసింది. చాలా ఏళ్లుగా సిగ్గుపడే అవకాశం రాలేదేమో, అది ఎలా పడాలో కూడా సరిగ్గా తెలియలేదు.

శనివారం పొద్దున్నే వెనక గదికి వెళ్లాడు. కిటికీలు లేని గది. అమ్మాయి తెర ముందు కూర్చుని, కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమచేత్తో బన్ను తింటోంది. ఇరవై ఏడేళ్లు ఉంటాయి. అతన్ని చూసి గబగబా మింగింది.

"చీటీ అయిపోవచ్చింది సార్. ముందు రెక్క ఒక్క గీత తగ్గిస్తే రేపు మీరు ఎనిమిదో స్థానంలో ఉంటారు."

"నేను ఎనిమిదిలో ఉంటే నీ సీటు ఎక్కడుంటుందమ్మా?"

అమ్మాయి బన్ను కాగితం మడతపెట్టింది. "మేస్త్రీగారు చెప్పారా?"

"ఒక్క ఏడాది తప్పుడు చీటీ పంపించి ఉంటే అయిపోయేదిగా?"

"నాకు తప్పు రాయడం రాదండీ," అంది. అందులో గొప్ప ఏమీ లేదు. వంట రాదన్నట్టు చెప్పింది. "రెండో ఏడాది ప్రయత్నించా. కన్నీళ్లొచ్చాయి. చించేసి మళ్లీ రాశా."

తెర మీద ట్రాకు ఖాళీగా ఉంది.

"ఒకటి చెప్పనా సార్? కోప్పడరుగా?" అంది అమ్మాయి. "మీరు ఇక్కడ మూడో మలుపు దగ్గర ఎనిమిది మీటర్లు ముందుగా బ్రేకు వేస్తున్నారు. ఈ ఏడాది ప్రతి ట్రాకులోనూ అంతే, వేగంగా దూరే మలుపు ఎక్కడుంటే అక్కడ. కంప్యూటర్లో గీత చూస్తే తెలిసిపోతుంది. ఇంజనీరుగారికి చెప్పలేదు. కారునే దానికి తగ్గట్టు సర్దుతూ వస్తున్నా."

"ఎదురుగాలి," అన్నాడు పెద్దాయన.

"అవునండీ," అంది అమ్మాయి.

అతను గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నం క్వాలిఫయింగు, ఎవరు ఎన్నో స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే పరుగు. అందులో నడిపినవాళ్లకే ఆదివారం రేసులో చోటు. డ్రైవరు నడపలేడని ట్రాకు డాక్టరు రాసిస్తే మాత్రం జట్టు ఇంకొకరిని కూర్చోబెట్టవచ్చు. అల్లుడు కాక రేసు లైసెన్సు ఉన్నవాళ్లు ఈ జట్టులో ఒక్కరే ఉన్నారు. పెద్దాయన తన సీటును తలచుకున్నాడు, పందొమ్మిదేళ్లను తలచుకున్నాడు, మనసు మారేలోపు డాక్టరు గదికి నడిచాడు.

"నడుం నొప్పి డాక్టరుగారూ. నడపలేను."

డాక్టరు కళ్లజోడు పైనుంచి చూశాడు. పందొమ్మిదేళ్లుగా ఈ మనిషి తన దగ్గర నొప్పులు దాచిపెట్టడమే తప్ప చెప్పడం ఎరగడు. ఒకసారి విరిగిన వేలును జేబులో పెట్టుకుని వచ్చి సంతకం చేయించుకుపోయాడు. "వంగి కాలివేళ్లు అందుకోండి," అన్నాడు.

పెద్దాయన చేయవలసినదల్లా మోకాళ్ల దగ్గర ఆగి "అబ్బా" అనడం. కానీ డాక్టరు వంగమన్నప్పుడల్లా ఊపిరి బిగబట్టి వంగడం అతనికి రక్తంలో ఇంకిపోయింది. నడుం కలుక్కుమన్నా పెదవి కదలకుండా వంగి, వేళ్లు కాదు, రెండు అరచేతులూ నేలకు ఆనించేశాడు. ఆనించాక గుర్తొచ్చింది.

"గుర్రంలా ఉన్నారు," అన్నాడు డాక్టరు. "ఇటు రండి. దీపం వెలగగానే బటను నొక్కండి."

ఈసారి కావాలని ఆలస్యం చేయాలని గట్టిగా నిశ్చయించుకున్నాడు. దీపం వెలిగింది. వేలు అతని నిశ్చయాన్ని లెక్కచేయలేదు. డాక్టరు అంకె చూసి, "ఈ సీజనులో ఇంత వేగంగా ఎవరూ నొక్కలేదు. అల్లుడుగారు కూడా," అన్నాడు. పెద్దాయన ఛాతీ పొంగింది. మరుక్షణం చచ్చినంత పనైంది.

"నేనేం రాయాలి చెప్పండి? మీకు ఏ రోగమూ లేదు," అని డాక్టరు ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

ఇక ఒక్క మాట మిగిలింది. డ్రైవర్లు విరిగిన ఎముకల గురించి చెబుతారు, పెళ్లాం వదిలేసిందని చెబుతారు, ఆ మాట మాత్రం చెప్పరు. అది ఒకసారి కాగితం మీద పడితే ఇంకే జట్టూ కారు తాళం చేతికివ్వదు. పెద్దాయన దాన్ని అబద్ధంగానే మొదలుపెట్టాడు.

"నాకు భయం వేస్తోందండీ."

ముద్ర గాలిలో ఆగింది. "ఎక్కడ?"

"మూడో మలుపు దగ్గర."

"ఎప్పట్నుంచి?"

ఇవాళ పొద్దున్నుంచి అని చెబుదామనుకున్నాడు. "నిరుడు గోడకు గుద్దుకున్నప్పట్నుంచి," అంది అతని నోరు. "కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ కనిపిస్తుందండీ. ఆ సమయంలో అది ఎందుకు కనిపించాలి? దెబ్బ తగల్లేదు, ఏమీ కాలేదు. కారులోంచి నవ్వుతూ దిగా. ఫొటో కూడా ఉంది. అప్పట్నుంచి ప్రతి మలుపులోనూ..."

తను నటిస్తున్నాననుకుంటున్న మనిషి, కుడికాలు బ్రేకును నొక్కినట్టు నేలను నొక్కుతుంటే దాని వైపు వింతగా చూశాడు. ఆపుదామంటే ఆగలేదు. ఎదురుగాలీ, టైర్లూ, ఎండా, ఏడాది పొడుగునా తను చెప్పినవన్నీ అబద్ధాలనీ, ఈ పొద్దు చెప్పిన ఈ ఒక్కటే నిజమనీ అప్పుడు తెలిసింది.

డాక్టరు ముద్ర పక్కన పెట్టి, అతనికి మంచినీళ్లు ఇచ్చి, పెన్ను తీశాడు. "రాస్తే మళ్లీ చెరపడం కుదరదు."

"తెలుసు. రాయండి."

యజమాని వార్త విని గ్యారేజీ దద్దరిల్లేలా అరిచాడు. "భయమా! ఏవయ్యా, నడుం నొప్పని రాయించుకోలేకపోయావా? పరువు పోయేది కాదుగా!"

"ప్రయత్నించా సార్," అన్నాడు పెద్దాయన. "పాసైపోయా."

మేస్త్రీ అయిదో సీటును రెండు చేతులా పట్టుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తెచ్చి తనే బిగించాడు. మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయినట్టున్నాడు. అమ్మాయి హెల్మెట్టు తగిలించుకుంటూ పెద్దాయన వైపు ఒక్కసారి చూసింది. అతను ఏదో పెద్దమనిషి మాట చెప్పాలనుకున్నాడు. "మూడో మలుపు దగ్గర గాలేమీ లేదు," అని మాత్రం అనగలిగాడు.

ఆదివారం ఆమె పద్దెనిమిదో స్థానంలో బయలుదేరి పన్నెండోదిగా వచ్చింది. పదకొండోవాడు పాయింట్లు కొట్టి పెద్దాయనను పట్టికలో కిందికి తోసేశాడు. రేసు సాగినంతసేపూ పెద్దాయన గ్యారేజీలో టీవీ ముందు నిలబడి, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ, మూడో మలుపు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకున్నాడు. అమ్మాయి ఒక్కసారి కూడా ఎనిమిది మీటర్లు ముందుగా కాలు పెట్టలేదు. అతనికి సంతోషమూ వేసింది, అసూయా వేసింది. రెండూ ఒకేచోట వేశాయి కాబట్టి ఏది ఎంతో తేల్చుకోలేకపోయాడు.

ఆమె కారు దిగి ఏడుస్తుందనీ, వచ్చి చేతులు పట్టుకుంటుందనీ అతను ఎదురుచూశాడు. ఆమె హెల్మెట్టు తీసి, ఎర్రబడ్డ మొహంతో తిన్నగా యజమాని మీదికి వెళ్లింది. స్టీరింగు ఎడమకు లాగుతోందంది. బ్రేకులు కట్టెల్లా ఉన్నాయంది. ఆ మెకానిక్కుకు చక్రం బిగించడం ఎవరు నేర్పారని అడిగింది. కెమెరాలు చుట్టూ మూగి ఉన్నాయి, అందుకని యజమాని పళ్లు ఇకిలిస్తూ "వచ్చే ఏడాదికి అన్నీ సరిచేయిస్తానమ్మా" అన్నాడు. అనేశాక, కెమెరాల ముందు ఆమెకు సీటు ఖాయం చేసేశానని తెలిసి మొహం వేలాడేశాడు. ఆమె అప్పటికే రెక్క గురించి మొదలుపెట్టింది. పెద్దాయనకు ఒక థాంక్స్ అయినా చెప్పాలని ఆమెకు తోచలేదు. ఇప్పుడామె నిజంగా రేసు డ్రైవరైంది అనుకున్నాడతను.

భార్య తన చిన్న కారు తీసుకుని గేటు దగ్గరికి వచ్చింది. అతను బట్టల సంచీ వెనక పడేసి పక్కన కూర్చున్నాడు. ఆవిడ గేరు మార్చి రోడ్డెక్కించింది. జనమంతా వెళ్లిపోయారు, రోడ్డు ఖాళీగా ఉంది. అందరిలాగే ఆవిడా నలభై మీద పోనిస్తోంది. మొదటి మలుపు కనిపించగానే అతని చెయ్యి తలుపు పిడి పట్టుకుంది.

"ఏమే," అన్నాడు.

"ఊఁ?"

"కొంచెం మెల్లగా పోనీ. భయంగా ఉంది."

ఆవిడ నవ్వలేదు, అతని వైపు తిరగనూలేదు. కాలు ఎత్తి వేగం ముప్ఫైకి తగ్గించింది.